టచ్‌ప్యాడ్ ఆగిపోతోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇది చదవండి

శనివారం ఉదయం 10 గంటలకు ఆన్‌లైన్ టెస్ట్. మీరు జహీరాబాద్‌లో మీ ఇంట్లోనే కూర్చున్నారనుకోండి. ల్యాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌ది, అందులో ఉబుంటు వేసుకున్నారు. కరెంటు ఉంది, నెట్ బాగానే వస్తోంది. 12వ ప్రశ్నకు వచ్చేసరికి కర్సర్ కదలడం మానేసింది. టచ్‌ప్యాడ్ మీద వేలు ఎంత రుద్దినా లాభం లేదు. స్క్రీన్ మీద టైమర్ మాత్రం నడుస్తూనే ఉంది. అర నిమిషం తర్వాత కర్సర్ తనంతట తానే కదిలింది. ఈలోపు మీ చేతులు చల్లబడ్డాయి.

సాయంత్రం రిపేర్ షాపుకు తీసుకెళ్తారు. అక్కడ తెరిచి చూస్తే చక్కగా పనిచేస్తుంది. ‘ఇప్పుడు మంచిగనే ఉంది కదా తమ్మీ. మళ్ల వస్తే ఫార్మాట్ కొడదాం. లేకుంటే టచ్‌ప్యాడ్ మార్చాలె’ అంటాడు షాపతను. ఆయన్ని తప్పుపట్టలేం. కళ్ల ముందు కనిపించని లోపానికి ఎవరైనా ఏం చెబుతారు? కానీ ఆ రెండు మాటల ఖరీదు మీకు తెలుసు. ఫార్మాట్ కొడితే ప్రాజెక్టు ఫైళ్లన్నీ ముందే వేరేచోట దాచుకోవాలి, సాఫ్ట్‌వేర్లన్నీ మళ్లీ వేసుకోవాలి. టచ్‌ప్యాడ్ మార్పిస్తే జేబుకు చిల్లు. రెండూ చేశాక కూడా కర్సర్ మళ్లీ ఆగితే?

ఎప్పుడూ ఉండే లోపాన్ని పట్టుకోవడం తేలిక. అప్పుడప్పుడు వచ్చిపోయే లోపమే కష్టం. దాన్ని పట్టుకోవడానికీ ఒక పద్ధతి ఉంది. అది అలవడితే ల్యాప్‌టాప్ ఒక్కటే బాగుపడదు. ‘మీరు సొంతంగా పరిష్కరించిన సమస్య ఒకటి చెప్పండి’ అని ఇంటర్వ్యూలో అడిగితే చెప్పడానికి ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోని జవాబు మీకు దొరుకుతుంది.

(ఈ కథనంలో తెలుగులో ఇచ్చిన కమాండ్లను టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. ఉబుంటులో కంట్రోల్, ఆల్ట్, టి కీలు కలిపి నొక్కితే టచ్‌ప్యాడ్ లేకుండానే టెర్మినల్ తెరుచుకుంటుంది.)

వేలు కదిలితే లోపల జరిగేది ఇదీ

వేలు కదపడానికీ, కర్సర్ కదలడానికీ మధ్య కొన్ని మెట్లున్నాయి. మొదటిది టచ్‌ప్యాడ్. దాని కింద సన్నని విద్యుత్ తీగల వల ఉంటుంది. వేలు దగ్గరికొచ్చినప్పుడు ఆ వలలో కెపాసిటెన్స్ మారుతుంది. ఆ మార్పును లోపలి చిప్ కొలిచి, వేలు ఎక్కడుందో లెక్కగడుతుంది.

రెండో మెట్టు, ఆ లెక్క కంప్యూటర్‌కు చేరే దారి. ఈ దారులు ప్రధానంగా మూడు. పాతది పీఎస్/2. 1987లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్ల కోసం తెచ్చిన పద్ధతి అది. నేటికీ ఎన్నో ల్యాప్‌టాప్‌ల టచ్‌ప్యాడ్‌లు ఆ భాషే మాట్లాడతాయి. మిగతా రెండు ఎస్ఎంబస్, ఐ2సీ. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఐ2సీ ఉంటుంది.

మూడో మెట్టు లినక్స్ కెర్నెల్‌లోని డ్రైవర్. పీఎస్/2 దారికి పీఎస్‌మౌస్ అనే డ్రైవర్, ఐ2సీ దారికి ఐ2సీ-హిడ్ అనే డ్రైవర్ పనిచేస్తాయి. నాలుగోది లిబ్‌ఇన్‌పుట్. ఒక వేలా, రెండు వేళ్లా, స్క్రోలా, క్లిక్కా, లేక పొరపాటున తగిలిన అరచెయ్యా అని తేల్చేది ఇదే. చివరిది మీకు కనిపించే డెస్క్‌టాప్.

కర్సర్ ఆగిందంటే ఈ ఐదింటిలో ఎక్కడో ఒకచోట గొలుసు తెగింది. ఎక్కడ తెగిందో తెలియకుండా ఫార్మాట్ కొట్టడమంటే, నీళ్లు రావట్లేదని పైపు చూడకుండా మోటారు మార్చడమే.

ముందు నోట్‌బుక్ తీయండి

ఏమీ మార్చకండి. రెండు రోజులు కేవలం రాయండి. ఆగిన ప్రతిసారీ ఈ ఐదు విషయాలు చాలు:

* ఎన్ని గంటలకు ఆగింది? ఎంతసేపు ఆగింది?
* చార్జర్ పెట్టి ఉందా, తీసి ఉందా?
* మూత వేసి తీశాక మొదలైందా?
* ఆ క్షణంలో టైప్ చేస్తున్నారా?
* కీబోర్డు, యూఎస్‌బీ మౌస్ పనిచేస్తున్నాయా?

చివరి ప్రశ్న చాలా ముఖ్యం. టచ్‌ప్యాడ్‌తో పాటు మౌస్, కీబోర్డు కూడా ఆగిపోయి, స్క్రీన్ మీద గడియారం కూడా నిలిచిపోతే అది టచ్‌ప్యాడ్ సమస్యే కాదు. మొత్తం సిస్టమ్ హ్యాంగ్ అవుతోంది. ర్యామ్ నిండిపోవడం, గ్రాఫిక్స్ డ్రైవర్, హార్డ్ డిస్క్ లాంటివి చూడాలి. మౌస్ చక్కగా తిరుగుతూ టచ్‌ప్యాడ్ ఒక్కటే మొరాయిస్తేనే మనం సరైన దారిలో ఉన్నట్టు.

స్క్రూడ్రైవర్ అక్కర్లేని పరీక్షలు

1. చార్జర్ తీసి చూడండి. ఆగినప్పుడు చార్జర్ ప్లగ్ పీకేయండి. వెంటనే కర్సర్ కదిలితే నేరం లినక్స్‌ది కాదు. టచ్‌ప్యాడ్ కొలిచేది చాలా చిన్న విద్యుత్ మార్పు కాబట్టి, చార్జర్ నుంచి వచ్చే చిన్న అలజడి కూడా దాన్ని తికమక పెడుతుంది. నాసిరకం డూప్లికేట్ చార్జర్, ఎర్తింగ్ లేని సాకెట్, మూడో పిన్ విరిచేసిన ప్లగ్ ఉన్నచోట ఇది జరగొచ్చు. ఎర్తింగ్ ఉన్న మరో సాకెట్‌లో, వీలైతే స్నేహితుడి ఒరిజినల్ చార్జర్‌తో చూడండి. అయితే ఆ చార్జర్ వోల్టేజీ మీ దానితో సమానంగా ఉండాలి, ఆంపియర్లు తగ్గకూడదు.

2. టైపింగ్‌తో ముడిపడి ఉందా? టైప్ చేస్తున్నప్పుడు, ఆపిన వెంటనే కొద్ది క్షణాలు కర్సర్ కదలకపోతే అది లోపం కాకపోవచ్చు. అరచెయ్యి తగిలి కర్సర్ ఎగరకుండా ఉండేందుకు లిబ్‌ఇన్‌పుట్ కావాలనే టచ్‌ప్యాడ్‌ను కాసేపు ఆపుతుంది. సెట్టింగ్స్‌లోని మౌస్ అండ్ టచ్‌ప్యాడ్ విభాగంలో ‘డిసేబుల్ టచ్‌ప్యాడ్ వైల్ టైపింగ్’ ఉంటే దాన్ని ఆపి చూడండి. గేమ్ ఆడుతున్నప్పుడే ఆగుతోందని చెప్పేవారిలో చాలామందికి కారణం ఇదే కావొచ్చు.

3. ఫంక్షన్ కీ. చాలా ల్యాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్‌ను ఆపి, మళ్లీ తెరిచే కీ ఉంటుంది. పై వరుస కీలలో టచ్‌ప్యాడ్ బొమ్మ ఎక్కడుందో చూసిపెట్టుకోండి. వాల్యూమ్ పెంచబోయి దాన్ని నొక్కుతున్నారేమో గమనించండి.

4. చదునుగా ఉందా? ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి పక్కనుంచి చూడండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టున్నా, క్లిక్ బిగుసుకుపోయినా, కింది భాగం బల్లకు ఆనకుండా ఊగుతున్నా బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. అలాగైతే ఇక్కడితో ఆపేయండి. చార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు. ఉబ్బిన లిథియం బ్యాటరీకి మంటలు అంటుకునే ప్రమాదం ఉంది. నేరుగా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. ఈ ఒక్క విషయంలో సొంత ప్రయోగాలు వద్దు.

5. కదిపితే ఆగుతోందా? ల్యాప్‌టాప్ పైకెత్తినప్పుడో, అరచెయ్యి పెట్టేచోట కాస్త ఒత్తినప్పుడో ఆగితే, లోపల టచ్‌ప్యాడ్‌ను మదర్‌బోర్డుతో కలిపే పలుచని రిబ్బన్ కేబుల్ వదులై ఉండొచ్చు. టచ్‌ప్యాడ్ మార్చక్కర్లేదు, కేబుల్ సరిగ్గా బిగిస్తే చాలేమో చూడమని షాపతన్ని అడగండి.

6. లైవ్ యూఎస్‌బీ. వేరే లినక్స్‌ను పెన్‌డ్రైవ్ మీద ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై’ ఆప్షన్‌తో కొన్ని గంటలు వాడండి. అక్కడ ఒక్కసారీ ఆగకపోతే మీ సిస్టమ్‌లోని కెర్నెల్ లేదా సెట్టింగ్ మీద అనుమానం పెరుగుతుంది. అక్కడా ఆగితే ఫార్మాట్ కొట్టించినా ఫలితం ఉండకపోవచ్చని ముందే తెలిసిపోయింది. ఫార్మాట్ చేయకుండానే ఫార్మాట్ ఫలితం చూడటమన్నమాట.

కెర్నెల్ చెప్పేది వినండి

వీటిలో ఏదీ తేలకపోతే టెర్మినల్‌కు రండి. ‘సుడో జర్నల్‌సీటీఎల్ -కె -ఎఫ్’ అని కొట్టి ఆ కిటికీని అలాగే ఉంచండి. కెర్నెల్ మాట్లాడే ప్రతి మాటా సమయంతో సహా అక్కడ కనిపిస్తుంది. కర్సర్ ఆగిన సమయాన్ని నోట్‌బుక్‌లో రాశారు కదా, ఆ నిమిషంలో ఇక్కడ ఏం పడిందో చూడండి.

* ‘పీఎస్‌మౌస్’ అనే పేరుతో ‘లాస్ట్ సింక్’ అని కనిపిస్తే, పీఎస్/2 దారిలో వచ్చే సమాచారంలో కొన్ని బైట్లు పోతున్నాయని అర్థం.

* ‘మీ టచ్‌ప్యాడ్ వేరే బస్‌లో కూడా పనిచేయగలదు’ అనే భావంతో ఇంగ్లిష్‌లో సందేశం ఉంటే, అది సినాప్టిక్స్ టచ్‌ప్యాడ్. పీఎస్/2 నుంచి ఎస్ఎంబస్‌కు మార్చి చూడమని కెర్నెలే సూచిస్తోంది. ఏ పారామీటర్ మార్చాలో కూడా ఆ వాక్యంలోనే ఉంటుంది.

* ‘ఐ2సీ_హిడ్’ పేరుతో ‘ఇన్‌కంప్లీట్ రిపోర్ట్’ అని ఉంటే, ఐ2సీ దారిలో సమాచారం సగం సగం చేరుతోంది.

* ఏమీ పడకపోతే, ఆ మౌనం కూడా ఒక ఆధారమే. అప్పుడు లిబ్‌ఇన్‌పుట్ టూల్స్ ప్యాకేజీ వేసుకుని ‘సుడో లిబ్‌ఇన్‌పుట్ డీబగ్-ఈవెంట్స్’ నడపండి. కర్సర్ ఆగినప్పుడు కూడా వేలి కదలికలు అక్షరాలుగా కనిపిస్తూనే ఉంటే కింది మెట్లన్నీ బాగున్నాయి, తేడా డెస్క్‌టాప్‌లో ఉంది. అక్కడా నిశ్శబ్దమే అయితే తేడా కింది మెట్లలో ఉంది. ఒక్క కమాండ్‌తో సగం అనుమానాలు తీరిపోయాయి.

ఆగిన క్షణంలో చేయదగిన పరీక్ష మరొకటి ఉంది. పీఎస్/2 టచ్‌ప్యాడ్ అయితే ‘సుడో మోడ్‌ప్రోబ్ -ఆర్ పీఎస్‌మౌస్’, ఆ తర్వాత ‘సుడో మోడ్‌ప్రోబ్ పీఎస్‌మౌస్’ కొట్టండి. డ్రైవర్‌ను దించి మళ్లీ ఎక్కించడమే ఇది. కర్సర్‌కు ప్రాణం వస్తే టచ్‌ప్యాడ్ చచ్చిపోలేదని తేలినట్టే. కొత్త టచ్‌ప్యాడ్ కోసం డబ్బు కట్టే తొందర అక్కర్లేదు.

ఒకసారికి ఒక్క మార్పే

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఎక్కడో దొరికిన ఐదు కమాండ్లను వరుసగా అతికిస్తారు. సమస్య పోతే ఏది పనిచేసిందో తెలియదు. కొత్త సమస్య వస్తే ఏది చెడగొట్టిందో తెలియదు.

కెర్నెల్ పారామీటర్‌ను శాశ్వతంగా రాయకుండా ఒక్కసారికే పరీక్షించే వీలుంది. ఆన్ చేయగానే ఎస్కేప్ లేదా షిఫ్ట్ నొక్కితే గ్రబ్ మెనూ వస్తుంది. ఉబుంటు వరుస మీద ఉండి ‘ఇ’ కీ నొక్కండి. ‘లినక్స్’ అనే పదంతో మొదలయ్యే వరుస చివర ఒక ఖాళీ వదిలి పారామీటర్ చేర్చండి. ఉదాహరణకు సినాప్టిక్స్ టచ్‌ప్యాడ్‌కు ‘పీఎస్‌మౌస్.సినాప్టిక్స్_ఇంటర్‌టచ్=1’. ఎఫ్10 నొక్కితే ఈ బూట్‌కు మాత్రమే అది వర్తిస్తుంది. రీస్టార్ట్ చేస్తే పోతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో 1 బదులు 0 ఇస్తేనే కుదురుకుంటుంది. ముఖ్యంగా మూత వేసి తీశాక ఆగే వాటికి రెండూ విడివిడిగా చూడండి.

అప్‌డేట్ తర్వాతే సమస్య మొదలైందా? గ్రబ్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్తే పాత కెర్నెల్ ఉంటుంది. దానితో బూట్ చేసి చూడండి. కొన్ని ఏసర్ ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో టచ్‌ప్యాడ్‌కు ‘బేసిక్’, ‘అడ్వాన్స్‌డ్’ అని రెండు ఎంపికలుంటాయి. బేసిక్ అంటే పీఎస్/2, అడ్వాన్స్‌డ్ అంటే ఐ2సీ. మార్చి చూడొచ్చు. బయోస్ అప్‌డేట్ చేయాల్సి వస్తే మాత్రం బ్యాటరీ నిండుగా, చార్జర్ పెట్టి ఉండాలి. మధ్యలో ఆగిపోతే ల్యాప్‌టాప్ మళ్లీ తెరుచుకోకపోవచ్చు.

మరి బాగైందని ఎప్పుడు చెప్పగలం? ఇక్కడ మీ స్టాటిస్టిక్స్ పాఠం పనికొస్తుంది. సగటున 2 గంటలకోసారి, ఎప్పుడు పడితే అప్పుడు ఆగుతోందనుకుందాం. మీరేమీ మార్చకపోయినా వరుసగా 2 గంటలు ఆగకుండా నడిచే అవకాశం దాదాపు 37 శాతం. అదే 6 గంటలు ఆగకుండా నడిచే అవకాశం దాదాపు 5 శాతమే. పాయిజాన్ డిస్ట్రిబ్యూషన్ చెప్పేది ఇదే. కాబట్టి మామూలుగా రెండు ఆగుళ్ల మధ్య ఎంత సమయం ఉంటుందో దానికి కనీసం మూడు రెట్లు చూశాకే ‘తగ్గింది’ అనండి. గంటసేపు బాగా నడిచిందని సంబరపడి టెస్ట్‌కు కూర్చోవద్దు.

టెస్ట్ రోజు ఏం చేయాలి?

పరిశోధన ఇంకా నడుస్తుండగానే టెస్ట్ వస్తే? ఒక మామూలు యూఎస్‌బీ మౌస్ దగ్గర పెట్టుకోండి. ముందురోజే గుచ్చి చూడండి. మౌస్ కూడా లేకపోతే ట్యాబ్ కీతో ముందుకు, షిఫ్ట్ ట్యాబ్‌తో వెనక్కి, బాణం కీలతో ఆప్షన్లు, స్పేస్‌తో ఎంపిక. చాలా వెబ్ పేజీల్లో ఇవి పనిచేస్తాయి. మాక్ టెస్ట్ ఉంటే ఒకసారి కీబోర్డుతోనే పూర్తి చేసి చూడండి.

ఒక హెచ్చరిక. నిఘా ఉండే టెస్టుల్లో మధ్యలో టెర్మినల్ తెరిచినా, వేరే కిటికీలోకి వెళ్లినా కాపీ కొడుతున్నట్టు నమోదయ్యే ప్రమాదం ఉంది. డీబగ్గింగ్ అంతా ముందే అయిపోవాలి. ఇంకో మాట, కొన్ని నిఘా సాఫ్ట్‌వేర్లు లినక్స్‌లో అసలు నడవవు. హాల్‌టికెట్‌తో పాటు వచ్చిన సిస్టమ్ వివరాలు మొదటి రోజే చదవండి. అవసరమైతే స్నేహితుడి ల్యాప్‌టాప్ ముందే అడిగిపెట్టుకోండి.

ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి?

‘టచ్‌ప్యాడ్ పనిచేయలేదు సార్, నెట్‌లో చూసి కమాండ్ కొట్టాను, బాగైంది.’ ఇలా చెబితే ఎదుటివారు తల ఊపి తర్వాతి ప్రశ్నకు వెళ్తారు. అదే అనుభవాన్ని ఇలా చెప్పి చూడండి:

‘నా ల్యాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్ రోజుకు మూడు నాలుగు సార్లు ఆగేది. ముందు రెండు రోజులు ఏ పరిస్థితిలో ఆగుతోందో రాశాను. మూత వేసి తీశాకే ఎక్కువగా వస్తోందని తెలిసింది. మౌస్ పనిచేస్తోంది కాబట్టి మొత్తం సిస్టమ్‌ది కాదనుకున్నాను. కెర్నెల్ లాగ్‌లో అదే నిమిషానికి ఎర్రర్ దొరికింది. ఒక్క పారామీటర్ మార్చి నాలుగు రోజులు చూశాను. మళ్లీ రాలేదు.’

ఇందులో గొప్ప టెక్నాలజీ ఏమీ లేదు. కానీ గమనించడం, విడదీయడం, ఒక్కటే మార్చడం, సరిచూడటం అన్నీ ఉన్నాయి. టెక్నికల్ సపోర్ట్, సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్, టెస్టింగ్, డెవాప్స్ ఉద్యోగాల్లో రోజూ చేసే పని ఇదే. సమస్య తేలకపోయినా చెప్పొచ్చు. ‘ఇంతవరకు ఇవి కాదని తేల్చాను’ అనడం నామోషీ కాదు. చేయనిది చేసినట్టు మాత్రం చెప్పకండి. రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

లినక్స్ మీద మీరు పెట్టే సమయం వృథా కాదు. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని తొలి 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో ఉన్నవన్నీ లినక్స్‌తోనే నడుస్తున్నాయి. క్లౌడ్ సర్వర్లలోనూ దానిదే పెద్ద వాటా. రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్ఏ లాంటి సర్టిఫికేషన్ పరీక్షల్లో బిట్లు ఉండవు, నిజమైన సిస్టమ్ ఇచ్చి పని చేసి చూపమంటారు. నోట్‌బుక్ పట్టుకుని సొంత ల్యాప్‌టాప్‌తో కుస్తీ పట్టినవారికి అక్కడ చెయ్యి వణకదు. పాఠాలు కావాలంటే ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో లినక్స్ పాఠాలు ఉచితం. తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న ‘స్వేచ్ఛ’ సంస్థ కూడా ఉంది.

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లని వారికీ ఈ పద్ధతి పనికొస్తుంది. జహీరాబాద్‌లో ఇప్పటికే మహీంద్రా ట్రాక్టర్ల ప్లాంటు ఉంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక స్మార్ట్ సిటీల్లో జహీరాబాద్ ఒకటి. ఫ్యాక్టరీ లైన్ మీద అప్పుడప్పుడు తప్పు చెప్పే సెన్సర్‌ను పట్టుకోవాలన్నా, మధ్య మధ్యలో ఆగే మోటారు సంగతి తేల్చాలన్నా మొదట అడిగేది అదే ప్రశ్న: ఎప్పుడు ఆగింది, అప్పుడు ఇంకేం జరుగుతోంది?

చివరగా ఒక పని మిగిలింది. కారణం దొరికితే, దొరక్కపోయినా సరే, బగ్ రిపోర్ట్ రాయండి. ఉబుంటులో ‘ఉబుంటు-బగ్ లినక్స్’ కమాండ్ కావలసిన వివరాలు చాలావరకు తనే సేకరిస్తుంది. ల్యాప్‌టాప్ మోడల్, ‘యూనేమ్ -ఆర్’ కొడితే వచ్చే కెర్నెల్ వెర్షన్, ఆగిన సమయం, ఆ నిమిషపు లాగ్, మీరు ప్రయత్నించినవి, వాటి ఫలితం. అంతే. అదే మోడల్ వాడే మరో విద్యార్థికి అది శనివారం ఉదయం పనికిరావొచ్చు. రెజ్యూమెలో ‘లినక్స్ తెలుసు’ అని ఉత్తినే రాయడం కంటే, ఆ రిపోర్ట్ లింక్ ఇవ్వడం మేలు.

ఈరోజు కర్సర్ ఆగితే విసుక్కోకండి. ముందు టైమ్ రాసుకోండి.